దూరాన్ని గంటల్లో కొలుద్దాం

హైదరాబాదు నుంచి విజయవాడ ఎంత దూరం? సమాధానం ఒక్కటే అనుకుంటాం గాని రెండున్నాయి. పటం మీద రెండు నగరాల మధ్య తిన్నగా గీత గీస్తే సుమారు 250 కిలోమీటర్లు. ఇది గాలి దూరం. చౌటుప్పల్, సూర్యాపేట, కోదాడ, నందిగామల మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారిపై కొలిస్తే సుమారు 275 కిలోమీటర్లు. రోడ్డు ఊళ్లను కలుపుకుంటూ వంపులు తిరుగుతుంది కనుక ఈ తేడా.

ఇక కాలం సంగతి చూద్దాం. దూరాన్ని సగటు వేగంతో భాగిస్తే ప్రయాణ కాలం వస్తుంది. కారు గంటకు సగటున 55 కిలోమీటర్లు పోతే 5 గంటలు పడుతుంది. విమానం సుమారు గంటలో చేరుస్తుంది. అయితే నాలుగు గంటలు ఆదా అయినట్లేనా? పూర్తి లెక్క వేద్దాం. ఇంటి నుంచి శంషాబాదు విమానాశ్రయానికి ఒక గంట, అక్కడ తనిఖీలకు, ఎదురుచూపులకు గంటన్నర, విమానంలో ఒక గంట, దిగి సామాను తీసుకొని బయటపడటానికి అరగంట, గన్నవరం నుంచి విజయవాడలోకి ముప్పావు గంట అనుకుందాం. మొత్తం నాలుగు ముప్పావు గంటలు. ఆదా అయినది పావు గంటే! విమానం వేగంగానే పోయింది. కాలమంతా ఆగిన చోట్ల ఖర్చయింది.

సభ్యులారా! మన పాలకూ ఇదే లెక్క వర్తిస్తుంది. శీతలీకరణ కేంద్రం ఊరికి 10 కిలోమీటర్లే కావచ్చు. కాని పాలు పితికి సంఘానికి తేవడానికి అరగంట, చివరి సభ్యుడు పోసేవరకు గంట, వ్యాను కోసం అరగంట, అది మిగతా ఊళ్లు తిరిగి కేంద్రం చేరడానికి గంట పడితే మొత్తం మూడు గంటలు.

పొదుగు నుంచి వచ్చిన పాలు మన ఒంటి వేడితోనే ఉంటాయి. సూక్ష్మజీవులు పెరగడానికి ఆ వేడి చాలా అనుకూలం. అవి అరగంటకొకసారి రెట్టింపవుతాయని లెక్క పెట్టుకుంటే, మూడు గంటల్లో ఒకటి అరవై నాలుగవుతుంది. అలాంటి పాలు కాచినప్పుడు విరిగే ప్రమాదం ఉంది.

అదే పాలను 4 డిగ్రీల సెంటిగ్రేడుకు చల్లబరచి, వేడి సోకని ట్యాంకరులో పోస్తే 275 కిలోమీటర్లు ఏడు గంటలపాటు ప్రయాణించినా చెక్కు చెదరవు. అయితే చల్లదనం సూక్ష్మజీవులను చంపదు, వాటి పెరుగుదలను మాత్రమే అణచి ఉంచుతుంది. మన ఊళ్లో పెరిగినవి ట్యాంకరులోకీ వెళతాయి. ఒక్క క్యాను పుల్లబడినా పదిమంది పాలు పాడవుతాయి, పదిమంది డబ్బూ పోతుంది.

కనుక మనం చేయవలసినవి ఇవి:

1. సేకరణ వేళకు దగ్గరగా పాలు పితకాలి. పితికిన వెంటనే శుభ్రమైన పాత్రలో సంఘానికి తేవాలి.
2. రాత్రి పాలను ఉదయం పాలతో కలపరాదు.
3. వ్యాను వచ్చేవరకు క్యాన్లను నీడలో ఉంచి తడి గోనెపట్టా కప్పాలి.
4. కార్యదర్శి మొదటి సభ్యుడు పోసిన వేళను, వ్యాను కదిలిన వేళను రోజూ రాయాలి.

ఒక వారం ఈ వేళలు రాసి చూడండి. కాలం ఎక్కడ వృథా అవుతున్నదో తెలుస్తుంది. తెలిసిన చోట అరగంట తగ్గించగలిగితే, అరవై నాలుగు ముప్పై రెండవుతుంది.