చిన్న ఋణం - చిరు వ్యాపారం

శియాల్దా స్టేషన్‌కు సమీపంలోని కోలే మార్కెట్ కోల్‌కతాలో పేరుమోసిన టోకు కూరగాయల బజారు. ఇటువంటి చోట సరుకు కొని వీధుల్లో అమ్ముకొనేవారికి కావలసిన పెట్టుబడి స్వల్పం. ఆ స్వల్పం కూడా చేతిలో లేనివాని సంగతి లెక్క వేసి చూద్దాం. ఉదయం 1,000 రూపాయలు అప్పు తెచ్చి సాయంత్రం 1,020 చెల్లిస్తాడనుకొందాం. ఇరవై రూపాయలేగదా అనిపిస్తుంది. నెలకు 25 రోజులు ఇలా సాగితే వడ్డీయే 500 రూపాయలు. అసలు మాత్రం ఎన్నటికీ తనది కాదు. అదే మొత్తం ఏడాదికి 24 శాతం వడ్డీపై లభిస్తే నెలసరి భారం 20 రూపాయలే. సూక్ష్మ ఋణానికి బలమంతా ఈ వ్యత్యాసంలోనే ఉన్నది.

బంగ్లాదేశ్‌లో 1976లో మహమ్మద్ యూనస్ జోబ్రా గ్రామంలో ప్రారంభించిన ప్రయోగం దీనికి దారి చూపింది. ఆ దేశంలోనే స్వచ్ఛంద సంస్థలో పనిచేసి వచ్చిన చంద్రశేఖర్ ఘోష్ 2001లో పశ్చిమ బెంగాల్‌లో ‘బంధన్’ను నెలకొల్పారు. హావ్‌డా జిల్లా బాగ్నాన్‌లో గ్రామీణ మహిళలకు హామీ ఆస్తి అడగకుండా చిన్న మొత్తాలు ఇవ్వడంతో మొదలైన ఈ సంస్థ, 2015 ఆగస్టు 23న కోల్‌కతా కేంద్రంగా బ్యాంకు అయింది.

అయితే అప్పు పుట్టినంత మాత్రాన పేదరికం పోతుందా? హైదరాబాదులో 104 బస్తీలను తీసుకొని, వాటిలో సగం చోట్ల ముందుగా ఋణ సంస్థను ప్రవేశపెట్టి, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులు పరిశీలించారు. ఆ అధ్యయనం 2015లో వెలువడింది. అప్పటికే వ్యాపారమున్న కొందరి లాభాలు పెరిగాయి. సగటు కుటుంబ వినియోగంలో చెప్పుకోదగిన మార్పు రాలేదు. వారం వారం వాయిదా రోజూ డబ్బు కళ్ళజూసే కూరగాయల వ్యాపారికి సరిపోతుంది గాని, పంట చేతికి వచ్చేదాకా ఆగవలసిన రైతుకు సరిపోదు. ఆంధ్రప్రదేశ్‌లో ఒకే కుటుంబానికి పలు సంస్థలు పోటీపడి అప్పులిచ్చాయి. వసూళ్ళ ఒత్తిడిపై ఆందోళన చెలరేగి, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది.

మరి వ్యాపారమే లేని నిరుపేదల మాటేమిటి? ముర్షిదాబాద్ జిల్లాలో అటువంటి కుటుంబాలకు బంధన్ ముందుగా అప్పు ఇవ్వలేదు. ఆవునో, మేకలనో, చిల్లర వ్యాపారానికి సరుకునో ఉచితంగా అప్పగించింది. అది రాబడి ఇచ్చేలోగా ఆకలికి అమ్ముకోకుండా కొన్ని వారాలపాటు భత్యం ఇచ్చింది. ఇంటికి వచ్చి మెళకువలు నేర్పే ఏర్పాటు చేసింది. ఖర్చు ఎక్కువైన పద్ధతే. కాని పదేళ్ళ తరువాత పరిశోధకులు మళ్ళీ చూసినప్పుడు, సహాయం పొందిన కుటుంబాల ఆదాయం, వినియోగం తక్కిన నిరుపేద కుటుంబాలకంటె మెరుగుగానే ఉన్నాయి.