నష్టపరిహారం ఇచ్చాక మిగిలే ప్రశ్న

చందనవెల్లి అనగానే మన సీఎస్ఈ వాళ్లకి డేటా సెంటర్లే గుర్తొస్తాయి. ఎక్కడైనా సర్వర్ ఆగిపోతే ఇంజినీర్లు కూర్చుని ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్లీ జరగకుండా ఏం చేయాలి అని రాసుకుంటారు. మరి ఆసుపత్రిలో ఒక ఆడమనిషికి హాని జరిగితే?

చందనవెల్లి ఉన్న రంగారెడ్డి జిల్లాలోనే, ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో 2022 ఆగస్టు 25న ఒక్కరోజే 34 మందికి కు.ని. ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లోనే నలుగురు చనిపోయారు. ప్రభుత్వం విచారణ వేసింది, కొందరిపై చర్య తీసుకుంది. ఆ కుటుంబాలకి 5 లక్షలు, డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు, పిల్లల చదువు ప్రకటించింది. ఇవన్నీ అవసరమే. కానీ బతికి బయటపడ్డ వాళ్ల మాటో?

మామూలు న్యాయం అడిగేది తప్పెవరిది, శిక్షేంటి అని. పునరుద్ధరణ న్యాయం వేరే ప్రశ్నలు అడుగుతుంది: దెబ్బ ఎవరికి తగిలింది? వాళ్లకి ఏం కావాలి? అది తీర్చాల్సిన బాధ్యత ఎవరిది?

న్యూజిలాండ్‌లో ఇది చేసి చూశారు. కాన్పుల తర్వాత గర్భసంచి జారడం, మూత్రం ఆగకపోవడం లాంటి వాటికి ఆపరేషన్‌లో పెట్టిన మెష్ వల్ల చాలామంది ఆడవాళ్లు నరకం చూశారు. 2019లో అక్కడి ఆరోగ్య శాఖ 600 మందికి పైగా బాధితుల మాట వింది. తర్వాత వాళ్లకోసం ప్రత్యేక వైద్య సేవ కూడా మొదలైంది.

మన లేబర్ రూముల విషయానికొద్దాం. కాన్పు టైంలో తిట్టడం, చెయ్యి చేసుకోవడం, చెప్పకుండా కోత పెట్టడం స్త్రీల హక్కులకి భంగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ఫారం మీద సంతకం ఉంటుంది సరే, ఎందుకు కోస్తున్నారో ఆమెకి అర్థమయ్యేలా ఎవరైనా చెప్పారా? అడిగితే “బిడ్డ బాగుంది కదా, ఇంకేంటి” అంటారు.

ఒక్క జాగ్రత్త. ఇది ఊరి పెద్దలు కూర్చోబెట్టి చేయించే రాజీ కాదు. ఆమె ఇష్టపడితేనే జరగాలి, కేసు వేసే హక్కు అలాగే ఉండాలి. డాక్టరు, నర్సు ఆమె ఎదురుగా కూర్చుని వినాలి, జరిగింది దాచకుండా చెప్పాలి, ఏం మారుస్తారో రాసివ్వాలి.

సర్వర్ పాడైతే లాగ్స్ చూస్తే చాలు. ఇక్కడ కేస్ షీట్ రాసేది ఆసుపత్రే. అందులో లేనిది ఆమె మాత్రమే చెప్పగలదు.