చెట్టును నిలిపి ఫలాన్ని పంచండి – టర్కీ వక్ఫ్ చరిత్ర చెప్పే పాఠం

దానం అనగానే మనలో చాలామందికి రమజాన్ నెల గుర్తుకు వస్తుంది. ఆ నెలలో జకాత్ లెక్క చూసి ఇస్తాం, ఫిత్రా ఇస్తాం, గుమ్మం ముందుకు వచ్చిన వారిని వట్టి చేతులతో పంపం. ఇది ఎంతో మంచి విషయం. కాని పండుగ వెళ్ళిపోయాక ఆ పేదవాని ఇంటి పరిస్థితి ఏమిటి? మిగిలిన పదకొండు నెలలు అతని పిల్లల చదువుకు, ఇంట్లో జబ్బుపడిన వారి వైద్యానికి దారేది? ఈ ప్రశ్నకు ఇస్లాం చూపిన మార్గాలలో ఒకటి వక్ఫ్. ఒక దేశం ఆ మార్గాన్ని తన సమాజ జీవితానికే పునాదిగా ఎలా చేసుకుందో, ఆ పునాది ఎక్కడ బలహీనపడిందో టర్కీ చరిత్ర ద్వారా పరిశీలిద్దాం.

జకాత్, సదఖా, వక్ఫ్

ముందుగా ఈ మూడింటి మధ్య ఉన్న తేడాను గ్రహించాలి. జకాత్ విధి. నిసాబ్‌కు చేరిన బంగారం, వెండి, నగదు, వ్యాపార సరుకుపై ఏడాది గడిస్తే రెండున్నర శాతం తీయాలి. అది ఎవరికి చెందాలో దివ్యఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయత్‌లో అల్లాహ్ యే ఎనిమిది వర్గాలను నిర్ణయించాడు. హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్ సొమ్మును హక్కుదారునికి అప్పగించి, అతన్ని దానికి యజమానిని చేయాలి. అందుకే ఆ సొమ్ముతో మస్జిదు కట్టడానికో, బావి తవ్వించడానికో వీల్లేదు. సదఖా ఐచ్ఛికం. ఎప్పుడైనా, ఎంతైనా ఇవ్వవచ్చు.

వక్ఫ్ కూడా సదఖాయే. అయితే ఇందులో అసలు ఆస్తి అలాగే నిలిచి ఉంటుంది, దాని రాబడి మాత్రమే ఖర్చవుతుంది. హజ్రత్ ఉమర్ (రజి)కు ఖైబర్‌లో మంచి భూమి లభించినప్పుడు ఆయన దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వచ్చి దానిని ఏం చేయమంటారని అడిగారు. అసలును అలాగే ఉంచి, ఫలాన్ని దానం చేయవచ్చని దైవప్రవక్త (సఅసం) సూచించారు. అమ్మకూడదు, బహుమతిగా ఇవ్వకూడదు, వారసత్వంగా పంచకూడదు అన్న షరతులతో హజ్రత్ ఉమర్ (రజి) ఆ భూమిని పేదలకు, బంధువులకు, బానిసల విముక్తికి, దైవమార్గానికి, బాటసారులకు, అతిథులకు వక్ఫ్ చేశారు. దానిని చూసుకునే వ్యక్తి ధర్మసమ్మతంగా దాని నుండి తినవచ్చు, కాని కూడబెట్టుకోరాదు. ఈ సంఘటనను బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు పేర్కొన్నాయి.

రాజ్యంతో పాటే పుట్టిన వక్ఫ్

ఉస్మానీ సామ్రాజ్యానికి సంబంధించి నేడు లభిస్తున్న అత్యంత పాత పత్రాలలో ఒకటి వక్ఫ్‌నామా కావడం గమనార్హం. 1324లో ఓర్హాన్ గాజీ మెకెజె అనే చోట బీదలు, బాటసారులు, దర్వేషులు విశ్రమించే ఖాన్‌ఖాహ్ కోసం భూమిని వక్ఫ్ చేశాడు. అంటే ఆ రాజ్యం ఇంకా తొలి అడుగులు వేస్తున్న రోజుల్లోనే వక్ఫ్ మొదలైందన్నమాట.

తరువాతి కాలంలో నగరాలు వక్ఫ్ చుట్టూ పెరిగాయి. ఇస్తాంబుల్‌లో సుల్తాన్ సులైమాన్ కట్టించిన సులైమానియా సముదాయమే దీనికి ఉదాహరణ. వాస్తుశిల్పి సినాన్ ఆధ్వర్యంలో 1550లో పనులు మొదలై, 1557లో మస్జిదు పూర్తయింది. ఆ మస్జిదు చుట్టూ మదరసాలు, పిల్లల పాఠశాల, ఆసుపత్రి, ప్రయాణికుల బస, హమామ్, ఉచితంగా అన్నం పెట్టే ఇమారెత్ ఉండేవి. నమాజుకు వచ్చిన వ్యక్తికి అక్కడే చదువు, వైద్యం, భోజనం దొరికేవి. వీటి ఖర్చంతా వక్ఫ్ చేసిన గ్రామాలు, దుకాణాలు, ఇతర ఆస్తుల రాబడి నుండే వచ్చేది.

ఎదిర్నే నగరంలో సుల్తాన్ రెండవ బాయజీద్ 1488లో పూర్తి చేయించిన ఆసుపత్రిలో మతిస్థిమితం లేని వారికి సంగీతంతో, నీటి సవ్వడితో ఉపశమనం కలిగించేవారని 17వ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబీ వ్రాశాడు.

మహిళల పాత్ర

మన సోదరీమణులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ వక్ఫ్‌లలో ఎన్నో మహిళలు స్థాపించినవే. ఇస్లాం స్త్రీకి ఆమె ఆస్తిపై పూర్తి హక్కు ఇచ్చింది కాబట్టి తన సొమ్మును తానే వక్ఫ్ చేయగలిగింది. సుల్తాన్ సులైమాన్ భార్య హుర్రెమ్ సుల్తాన్ 1552లో జెరూసలేం (బైతుల్ మఖ్దిస్)లో ఒక అన్నశాల నెలకొల్పింది. అక్కడ రోజూ సుమారు అయిదు వందల మందికి రెండు పూటలా రొట్టె, సూప్ పెట్టేవారు. శుక్రవారం రాత్రులు, రమజాన్ రాత్రులలో మాంసంతో వండిన అన్నం, కుంకుమపువ్వు వేసిన తీపి అన్నం వడ్డించేవారు. పేదవాని నోటికి కూడా పండుగ రుచి అందాలన్న ఆలోచన ఎంత గొప్పదో చూడండి! ఆ అన్నశాల మన కాలం వరకూ ఆకలిగొన్నవారికి అన్నం పెడుతూ వచ్చింది. అలాగే సుల్తాన్ అబ్దుల్ మజీద్ తల్లి బెజ్మి ఆలం ఇస్తాంబుల్‌లో దిక్కులేని వారి కోసం స్థాపించిన ఆసుపత్రి 1845లో ప్రారంభమైంది. నేడు అది ఆమె పేరిటే ఉన్న వైద్య విశ్వవిద్యాలయంలో భాగం.

పుచ్చుకునేవాని పరువు

ఆనాటి టర్కీ సమాజం ఇవ్వడం ఒక్కటే నేర్చుకోలేదు, పుచ్చుకునేవాని తల వంగకుండా ఇవ్వడం నేర్చుకుంది. ఇస్తాంబుల్ వీధులలో, మస్జిదుల దగ్గర ‘సదఖా రాళ్ళు’ ఉండేవి. రాతి స్తంభం పైభాగాన చిన్న గుంట. ఇచ్చేవాడు అందులో నాణేలు వేసి వెళ్ళేవాడు. అవసరమున్నవాడు వచ్చి తనకు కావలసినంత తీసుకునేవాడు. ఇద్దరిలో ఎవరు ఎవరో ఎవరికీ తెలిసేది కాదు. అలాంటి రాళ్ళు కొన్ని నేటికీ మిగిలి ఉన్నాయి. ఈనాడు కూడా అక్కడి రొట్టెల దుకాణాలలో కొందరు రెండు రొట్టెలకు డబ్బు చెల్లించి ఒకటే తీసుకుపోతారు. రెండవది పేదవాని కోసం అక్కడే ఉంటుంది. చేసిన మేలును ఎత్తిచూపి, ఎదుటివాని మనసు నొప్పించి దానాన్ని వ్యర్థం చేసుకోవద్దని దివ్యఖుర్ఆన్ (బఖరా సూరా 264) చేసిన హెచ్చరికకు ఇది ఆచరణ రూపం.

ఎక్కడ బలహీనపడింది?

చరిత్రను ఒక వైపే చూడటం న్యాయం కాదు. 16వ శతాబ్దంలో నగదు వక్ఫ్‌లు బాగా పెరిగాయి. ఆ సొమ్మును అప్పుగా ఇచ్చి, అదనంగా వచ్చిన దానిని పుణ్యకార్యాలకు వాడేవారు. షేఖుల్ ఇస్లాం అబుస్సఊద్ వీటిని అనుమతించగా, ఇమామ్ బిర్గివీ వంటి పండితులు గట్టిగా వ్యతిరేకించారు. ఉద్దేశ్యం మంచిదైనంత మాత్రాన మార్గం దానంతటదే ధర్మసమ్మతం కాదన్నది ఈ చర్చ నుండి మనం గ్రహించాల్సిన విషయం.

రెండవది, నిర్వహణ. 1826లో సుల్తాన్ రెండవ మహ్మూద్ వక్ఫ్‌ల కోసం ప్రత్యేక మంత్రిత్వశాఖను ఏర్పరచాడు. క్రమేణా రాబడి ప్రభుత్వ ఖజానా దారి పట్టి, ఎన్నో సంస్థలు మరమ్మతులకు కూడా నోచుకోలేదు. 1924లో ఆ శాఖను రద్దు చేసి వక్ఫ్‌లను ఒక డైరెక్టరేట్ కిందికి తెచ్చారు. అది నేటికీ పనిచేస్తోంది. 

మూడవది, అమానత్. 2023 ఫిబ్రవరి 6న వచ్చిన భూకంపంలో టర్కీలో 50 వేల మందికి పైగా మరణించారు. ప్రజలు ఉన్నదంతా ఊడ్చి ఇచ్చారు. అదే సమయంలో రెడ్ క్రెసెంట్ అనుబంధ సంస్థ ఒకటి గుడారాలను మరో సేవాసంస్థకు అమ్మిందని బయటపడటంతో దేశమంతా ఆగ్రహం వ్యక్తమైంది. 1868 నాటి మూలాలున్న సంస్థకు కూడా ప్రజల నమ్మకమే అసలైన మూలధనమని ఈ సంఘటన చాటింది. పూర్వం వక్ఫ్‌నామాల చివర, షరతులను మార్చినవారిపై, ఆస్తిని కాజేసినవారిపై శాపం వ్రాసేవారు. అమానత్ ఎంత బరువైనదో వారికి తెలుసు.

మన కర్తవ్యం

మన ఊళ్ళలో మస్జిదులు, ఈద్గాహ్‌లు, ఖబరస్తాన్‌లు చాలావరకు ఏ పుణ్యాత్ములో వక్ఫ్ చేసినవే. వారు కన్నుమూశారు, వారి పుణ్యం మాత్రం కొనసాగుతోంది. మనిషి మరణించాక కూడా అతనికి ఫలితం చేరే కర్మలలో కొనసాగే దానం ఒకటని దైవప్రవక్త (సఅసం) తెలియజేశారు. కాబట్టి మనం మూడు పనులు చేయాలి. మొదటిది, మన ఊరి వక్ఫ్ ఆస్తులు ఏవో, వాటి అద్దె ఎంతో, ఆ సొమ్ము ఎక్కడ ఖర్చవుతోందో తెలుసుకోవాలి. లెక్క అడగటం ముతవల్లీని అవమానించడం కాదు, అతను ప్రళయదినాన సులభంగా లెక్క చెప్పుకోవడానికి సహాయపడటమే. రెండవది, జకాత్‌ను హక్కుదారులకు చేర్చాక, సదఖాలో కొంత భాగాన్ని నిలిచి ఉండే మేలుకు కేటాయించాలి. గొప్ప ఆస్తులే కానక్కరలేదు. నాలుగు కుటుంబాలు కలిసి ఒక దుకాణం గది వక్ఫ్ చేస్తే దాని అద్దెతో ఒక అనాథ చదువు సాగుతుంది. మూడవది, ఇచ్చిన చేయి ఫోటోలో కనిపించకుండా, పుచ్చుకున్న ముఖం నలుగురిలో పడకుండా జాగ్రత్తపడాలి.

మనం పోయాక కూడా ఫలాలిచ్చే చెట్టును నాటే సద్బుద్ధిని, దానిని నమ్మకంగా కాపాడే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.