రెండు తీగల కాయిల్: వేడి డబుల్ అవుతుందా?

ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం మన దేశంలో 2019 నుంచి నిషేధం. కానీ వాటిలోని ప్యారలల్ కాయిల్ లెక్క థర్మోకోల్ కటర్‌కీ పనికొస్తుంది. ఆమదాలవలసలో పెళ్లి స్టేజీలకి అక్షరాలు కోసే కుర్రాళ్లు నన్ను అడిగేదీ ఇదే.

నైక్రోమ్ తీగ 1 ఓమ్ అనుకోండి. ఫుల్ చార్జ్ 18650 సెల్ 4.2 వోల్టులు, అంటే కరెంట్ 4.2 ఆంపియర్లు. అలాంటిదే ఇంకోటి ప్యారలల్‌గా కలిపితే 0.5 ఓమ్, 8.4 ఆంపియర్లు. ఒక్కో తీగకి పవర్ మాత్రం అంతే, సుమారు 17.6 వాట్లు. వేడెక్కే తీగ రెట్టింపైంది, భారమంతా సెల్ మీద పడింది.

సెల్ కంటిన్యూయస్ డిశ్చార్జ్ 5 ఆంపియర్లే అయితే అలా కలపొద్దు, సెల్ కాలిపోవచ్చు. రెండు తీగలే కావాలంటే ఒక్కోదాని పొడవు రెట్టింపు చేయండి, మళ్లీ 1 ఓమ్ వస్తుంది. సెల్‌కి కలిపే ముందు మల్టీమీటర్‌తో కొలవండి. ప్రోబ్‌లు రెండూ తాకిస్తే చూపించే విలువని అందులోంచి తీసేయడం మర్చిపోకండి.