మౌనంగా ఉన్న బ్యాకప్‌ని నమ్మకు

లావణ్యా,

ఫార్మాట్ మాత్రం కొట్టకు. నీ మెసేజ్‌లో ఆ ఒక్క ముక్క చూసి చేతిలో పని పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. ఎలుకలున్నాయని ఎవరైనా ఇంటికి నిప్పు పెట్టుకుంటారా? నాలుగు రోజులుగా కొత్త బ్యాకప్ పడలేదు, నిజమే. అంతకు ముందు పడ్డవన్నీ మీ ఇంటి నెట్‌వర్కుకు తగిలించిన డిస్కుల పెట్టె, ఆ నాస్ బాక్సులోనే భద్రంగా ఉన్నాయి కదా. ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న రెండో కాపీ అదొక్కటే. దాన్ని తుడిచేసిన రాత్రే ల్యాప్‌టాప్ డిస్కు పోతే తాతయ్య ఫోటోలు ఎవరిస్తారు? కొత్త బ్యాకప్ పడి, అందులోంచి ఒక ఫైలు వెనక్కి తెచ్చి తెరిచి చూసేదాకా పాతదాని జోలికి వెళ్లొద్దు.

ఇక నీ ప్రశ్న. "మనింట్లో సంస్థ ఎక్కడుంది మామయ్యా?" అని నవ్వుతూ అడిగావు. బ్యాకప్ ప్రోగ్రాం 'ఫెయిల్డ్' అని ఊరుకుంది. నువ్వు ఆ ఫోల్డరు మీద నొక్కితే విండోస్ మాత్రం, మీ సంస్థ భద్రతా విధానాలు గెస్ట్ ప్రవేశాన్ని అడ్డుకుంటున్నాయని చెప్పింది. ఆ స్క్రీన్‌షాట్‌ని చిట్టచివర తమాషాకి పంపావు గానీ, అసలు సంగతంతా అందులోనే ఉంది. ఆ వాక్యం ఆఫీసు కంప్యూటర్ల కోసం రాసింది, ఇళ్లలోనూ అదే కనిపిస్తుంది. అందులో నువ్వు చూడాల్సింది 'గెస్ట్' అన్న మాట.

మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ 11 ప్రో. 2024 అక్టోబరులో వచ్చిన 24హెచ్2 అప్‌డేట్‌తో, నెట్‌వర్కు ఫోల్డర్లు తెరిచే ఎస్ఎంబీ పద్ధతికి కట్టుబాట్లు పెరిగాయి. అటూ ఇటూ వెళ్లే ప్రతి సందేశానికీ డిజిటల్ సంతకం ఉండాలి. పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా దూరడం కుదరదు. ఆ సంతకం పుట్టేది పాస్‌వర్డ్‌తో జరిగే లాగిన్ నుంచే కాబట్టి, గెస్ట్‌కి సంతకం పెట్టే దారే లేదు. "నేనేమీ మార్చలేదు" అన్నావు. రెండు లైన్ల కింద "మొన్న పెద్ద అప్‌డేట్ పడింది" అనీ నువ్వే రాశావు. మార్పంటే మన చేత్తో చేసిందొక్కటే కాదమ్మా.

ఇంటర్నెట్‌లో వెతికితే, ఆ కట్టుబాటునే తీసేయమని చెప్పే వీడియోలు బోలెడు దొరుకుతాయి. ఫలానా సెట్టింగ్ మార్చు, గెస్ట్‌ని మళ్లీ రానివ్వు, ఇంకా పాత బాక్సైతే ఆ పద్ధతి పాత రూపమైన ఎస్ఎంబీ1 ఆన్ చెయ్యి అంటారు. చెయ్యకు. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది ఎస్ఎంబీ1లోని కంత గుండానే. బ్రిటన్ ఆసుపత్రుల్లో అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ఆ కంతకు మందు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది, వేసుకోనివాళ్లు వేసుకోలేదు. బ్యాకప్ పెట్టుకునేదే ఇలాంటి రోజు కోసం. దాని కోసం వీధి తలుపు బార్లా తీసి పెడతానంటే ఎలా?

చెయ్యాల్సింది ఇది. బాక్సు పేజీలోకి వెళ్లి బ్యాకప్ కోసమే ఒక యూజరును పెట్టు. గట్టి పాస్‌వర్డ్ ఇవ్వు. ఆ ఒక్క ఫోల్డరులోనే రాసే హక్కు ఇవ్వు. ఆ పేరూ పాస్‌వర్డూ బ్యాకప్ ప్రోగ్రాంకే చెప్పు, రోజూ సినిమాలు చూసే లాగిన్‌తో కలపకు. రేపు ల్యాప్‌టాప్‌లోకి ఏ వైరస్సో దూరినా, నీ రోజువారీ లాగిన్‌తో బ్యాకప్ ఫోల్డరులో చెయ్యి పెట్టలేదు. తరవాత ల్యాప్‌టాప్ ఒకసారి రీస్టార్ట్ చెయ్యి. ఒకే బాక్సులోకి ఒకేసారి రెండు పేర్లతో వెళ్లడానికి విండోస్ ఒప్పుకోదు. పాత లాగిన్ ఇంకా లోపలే ఉంటే, కొత్త పాస్‌వర్డ్ సరైనదే అయినా గుమ్మం దగ్గరే ఆపుతుంది.

ఇంకోసారి ఆగిపోతే ఇదే వరసలో చూడు. బ్రౌజర్‌లో బాక్సు పేజీ వస్తోందా? రాకపోతే, కరెంటు పోయి వచ్చాక రౌటర్ దానికి వేరే ఐపీ నంబరు ఇచ్చి ఉంటుంది. రౌటర్‌లో ఆ నంబరును బాక్సు పేరు మీద రిజర్వ్ చేసేస్తే ఆ బెడద ఉండదు. పేజీ వస్తే, ఫోల్డరు తెరుచుకుంటోందా? తెరుచుకుంటే, అందులో ఉత్త టెక్స్ట్ ఫైలు ఒకటి పెట్టగలుగుతున్నావా? పెట్టగలిగితే, చోటుందా? ఎక్కడ 'లేదు' అని వస్తే అక్కడ ఆగు. ఒకసారికి ఒక్కటే మార్చు. బ్యాకప్ ఆగాక నువ్వు కేబుల్, పాస్‌వర్డ్, రౌటర్ మూడూ ఒకేసారి మార్చావట. అప్పుడు బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలీదు. లాగ్ చూసేటప్పుడు మొట్టమొదటి తప్పు దగ్గర మొదలుపెట్టు. కింద వరసగా వచ్చేవన్నీ చాలాసార్లు దాని పిల్లలే.

ఇప్పుడు కొంచెం నా సోది విను. ఎర్ర గుర్తు చూసి బెంబేలెత్తావు గానీ, ఫెయిలయ్యానని నోరు తెరిచి చెప్పే బ్యాకప్ మంచిది. భయపడాల్సింది ఏమీ చెప్పనిదానికి. మౌనం అర్ధాంగీకారం అంటారే, అది యంత్రాల దగ్గర పనికిరాదు.

2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో జరిగింది కోడ్ రాసేవాళ్లందరూ చదవాలి. రాత్రివేళ డేటాబేస్ సమస్యతో కుస్తీ పడుతున్న ఇంజినీరు, ఒక సర్వర్‌లో కొట్టాల్సిన డిలీట్ ఆదేశం పొరపాటున అసలు సర్వర్‌లో కొట్టాడు. తేరుకుని ఆపేసరికి దాదాపు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. సరే, రోజూ తీసే బ్యాకప్ ఉందిగా అని వెళ్లి చూస్తే అక్కడ ఏమీ లేదు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6, కాపీ తీసే పరికరం మాత్రం 9.2. రెండూ పొసగక కాపీ తీయడం ఆగిపోయింది. ఫెయిలైందని మెయిళ్లు కూడా బయల్దేరాయి. వాటికి సరైన సంతకం లేక, అందుకోవాల్సిన మెయిల్ వ్యవస్థే వాటిని తిప్పికొట్టింది. చెప్పేవాడు చెబుతూనే ఉన్నాడు, వినేవాడికి చేరలేదు. అదృష్టవశాత్తూ ఆ ఇంజినీరే దాదాపు 6 గంటల ముందు వేరే పని కోసం తీసిన ఒక స్నాప్‌షాట్ దొరికింది. ఆ 6 గంటల్లో జనం చేసిన మార్పులు పోయాయి. వాళ్లను మెచ్చుకోవాలి, ఇదంతా దాచకుండా తామే రాసి ప్రచురించారు.

కాబట్టి బాక్సులో మెయిల్ అలర్ట్ పెట్టి వదిలేయకు. 'టెస్ట్' బటన్ నొక్కి, ఆ మెయిల్ నీ ఇన్‌బాక్సులోకి వచ్చిందో స్పామ్‌లో పడిందో చూడు. ఫెయిలైనప్పుడే కాదు, సవ్యంగా పూర్తయినప్పుడు కూడా మెయిల్ పంపమను. రావాల్సింది రాకపోతే అదే నీకు హెచ్చరిక.

రెండు ఫైళ్లు ఎన్నిసార్లు ప్రయత్నించినా వెళ్లడం లేదన్నావు. వాటి పేర్లు చూశాను. "తాతయ్య గారి షష్టిపూర్తి రోజు అందరం కలిసి దిగిన ఫోటో అత్తయ్య పంపింది". తెలుగులో పేర్లు పెట్టడం నాకు ముచ్చటే. కానీ ఆ ఫోల్డరును ఎన్‌క్రిప్ట్ చేశావు కదా. మీ బాక్సు అందుకు వాడే ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫైలు పేరు 143 బైట్లు దాటకూడదు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి హల్లుకూ, ప్రతి గుణింతపు గుర్తుకూ, ఒత్తు కలిపే విరామానికీ విడివిడిగా 3 బైట్లు. 'లక్ష్మి'లోని 'క్ష్మి' కంటికి ఒక్క అక్షరమే, డిస్కు మీద 18 బైట్లు. నీ షష్టిపూర్తి పేరు 180 దాటింది. "తాతయ్య షష్టిపూర్తి 1" అను చాలు, మిగతా కథ లోపల ఒక టెక్స్ట్ ఫైల్లో రాసుకో. అన్నట్టు, ఎన్‌క్రిప్షన్ పెట్టి, అదే ఫోల్డరులోకి గెస్ట్‌ని పాస్‌వర్డ్ లేకుండా రానిచ్చావేమే?

మొదటి పూర్తి బ్యాకప్ వైఫై మీద పెట్టకు. మంచి గిగాబిట్ కేబుల్ మీద 500 జీబీ గంటంబావులో వెళ్తుంది. 8 తీగల్లో 4 మాత్రమే పనిచేసే నాసి కేబులైతే 100 మెగాబిట్లకు పడిపోయి 12 గంటలు పడుతుంది, ఈలోగా ల్యాప్‌టాప్ నిద్రపోయి మళ్లీ ఎర్ర గుర్తు. "బాక్సులో రెండు డిస్కులున్నాయిగా" అని మీ నాన్న అన్నారట. ఒక డిస్కు పాడైతే రెండోది కాస్తుంది, నిజమే. నువ్వు పొరపాటున చెరిపితే మాత్రం ఆ చెరపడం రెండింటిలోనూ జరుగుతుంది. అందుకే ఇంటి బయట ఇంకో కాపీ ఉండాలి. నెలకోసారి ఒక పోర్టబుల్ డిస్కు నింపి అత్తయ్య వాళ్లింట్లో పెట్టు.

ఆదివారం ఫోన్ చేస్తాను. బ్యాకప్ అయిందా అని అడగను. ఏ ఫోటో వెనక్కి తెచ్చి, వేరే కంప్యూటర్‌లో తెరిచి చూశావో అడుగుతాను. సిద్ధంగా ఉండు.

ఆశీస్సులతో,
మీ మామయ్య