ఇంట్లో గొడవలు, ఒంట్లో బీపీ

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మిర్చి రేటు పడిపోయినప్పటి నుంచి మావారితో రోజూ గొడవే. నిద్ర పట్టదు, మాత్రలు వేసుకుంటున్నా బీపీ దిగడం లేదు. రెంటికీ సంబంధం ఉందా?
– ఒక సోదరి, ఒంగోలు

జవాబు: ఉందమ్మా. పోట్లాడినప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ పెరిగి గుండె దడ, రక్తపోటు ఎక్కువవుతాయి. గొడవల ప్రభావం ఒంటిపై పడుతుందని చూపే పరిశోధన కూడా ఉంది. 2005లో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 42 జంటల చేతులపై చిన్న పొక్కులు తెప్పించి పరిశీలించారు. కటువుగా మాట్లాడుకునే దంపతుల్లో ఆ పుండ్లు ఆలస్యంగా మానాయి.

మాత్రలు మానకండి. రిమ్స్ ఆసుపత్రిలో మరోసారి బీపీ చూపించుకోండి. డబ్బు లెక్కలు పడుకునే ముందు తీయొద్దు. పొద్దున ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఆయన బీపీ కూడా చూపించండి. చేయి చేసుకుంటుంటే మాత్రం ఓర్చుకోకండి, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.