వాల్వు ఆంప్లిఫయర్ ఎందుకు అరుస్తుంది? కంపనాన్ని కనిపెట్టడం, తగ్గించడం



మేము ముగ్గురం ఈ మైదుకూరు హాస్టల్లోనే చదువుకొని, ఇప్పుడు ఒకరు పాలిటెక్నిక్, ఇద్దరు ఐ.టి.ఐ. చదువుతున్నాము. ప్రతి ఏడూ వార్షికోత్సవ సంచికకు ఏదో ఒక కథో, సూక్తులో రాసి పంపేవాళ్లం. ఈసారి ఒక పాఠం రాస్తున్నాము. మేము చేసిన తప్పు వల్ల నేర్చుకున్న పాఠం ఇది.

నిరుటి వార్షికోత్సవం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తొమ్మిదో తరగతి తమ్ముడు ఒకడు గిటారు వాయించడానికి స్టేజీ ఎక్కాడు. వాళ్ల ఊరి చర్చిలో వాయించి నేర్చుకున్నవాడు. రెండు నిమిషాలు బాగానే సాగింది. తర్వాత స్పీకరులో నుంచి ‘కుయ్’మని అరుపు మొదలైంది. తమ్ముడు తీగలు చేత్తో పట్టుకున్నాడు. అరుపు ఆగలేదు. ముందు వరుసలో అతిథులు చెవులు మూసుకున్నారు, వెనుక పిల్లలు నవ్వారు. ‘వానికి వాయించను రాదు, దించండి’ అని ఎవరో అన్నారు. తమ్ముడు తల దించుకొని దిగిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు గిటారు ముట్టలేదు.

ఆ ఆంప్లిఫయర్ పెట్టె తయారు చేసింది మేమే. మైకు సెట్టు నడిపే ఒక అన్న మూలన పడేసిన పాత వాల్వు ఆంప్లిఫయర్ ఇచ్చాడు. దాన్ని, ఒక 12 అంగుళాల స్పీకరును ఒకే చెక్క పెట్టెలో బిగించి, సినిమాల్లో చూసిన గిటారు ఆంప్లిఫయర్ లాగా చేశామని మురిసిపోయాము. అరుపు ఆ పెట్టెలో పుట్టిందే గాని తమ్ముడి వేళ్లలో పుట్టింది కాదు. ఈ సంగతి మాకు తెలిసేసరికి నెల రోజులు పట్టింది.

వాల్వు అంటే ఏమిటి?

గాలి తీసేసిన గాజు బుడ్డిలో లోహపు భాగాలను అమర్చితే అది వాల్వు. లోపల ఒక ఫిలమెంటు వేడెక్కుతుంది. ఆ వేడికి కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు వెలువడి, ధన ఆవేశం గల ప్లేటు వైపు పరుగెత్తుతాయి. 1904లో ఇంగ్లాండులో ఫ్లెమింగ్ ఈ సూత్రంతో రెండు ఎలక్ట్రోడ్ల వాల్వును చేశాడు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ మధ్యలో మూడో ఎలక్ట్రోడ్‌ను చేర్చాడు. సన్నని తీగతో చుట్టిన జల్లెడ వంటి ఈ భాగమే గ్రిడ్. మన కాలువల తూముకు ఉండే తలుపు లాంటిది. తలుపును కొంచెం కదిలిస్తే నీటి ప్రవాహం ఎంతో మారినట్లు, గ్రిడ్ మీద వోల్టేజీ కొంచెం మారితే ప్లేటుకు చేరే విద్యుత్తు ఎంతో మారుతుంది. చిన్న శబ్దం పెద్దది కావడం వెనుక రహస్యం ఇదే.

కడపలో ఆకాశవాణి కేంద్రం మొదలైన 1963 నాటికి మన ఇళ్లలో ఉన్న పెద్ద రేడియోలు చాలావరకు వాల్వు రేడియోలే. స్విచ్ వేశాక వేడెక్కి మాట వినిపించడానికి అర నిమిషం పట్టేదని పెద్దవాళ్లు చెబుతారు. 1954లో బెంగళూరులో స్థాపించిన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ కూడా వాల్వులు తయారు చేసింది. 1947లో ట్రాన్సిస్టర్ పుట్టాక క్రమంగా వాల్వులు వెనుకబడ్డాయి. కాని గిటారు వాయించేవారు మాత్రం వాటిని వదల్లేదు. గట్టిగా వాయించినప్పుడు వాల్వు శబ్దాన్ని వంచే తీరు వారికి ఇష్టం. అందుకే రష్యా, స్లొవేకియా, చైనా దేశాలలో నేటికీ వీటిని తయారు చేస్తున్నారు.

వాల్వు మైకుగా ఎలా మారుతుంది?

గ్రిడ్‌కు, కాథోడ్‌కు మధ్య దూరం మిల్లీమీటరులో కొద్ది భాగం మాత్రమే. వాల్వును ఏదైనా అదిరిస్తే గ్రిడ్ తీగలు కంపిస్తాయి. దూరం తగ్గుతూ పెరుగుతూ ఉంటే విద్యుత్తు కూడా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అంటే ఏ గిటారూ తగిలించకున్నా వాల్వు తనంతట తాను ఒక సిగ్నల్‌ను పుట్టిస్తుంది. దీనినే మైక్రోఫోనిక్ శబ్దం అంటారు. వాల్వు మైకు పని చేస్తున్నదన్నమాట.

ఇది మొదటి వాల్వులో జరిగితే ప్రమాదం ఎక్కువ. గిటారు ఆంప్లిఫయర్లలో మొదటి వాల్వుగా సాధారణంగా ఈసీసీ 83 వాడతారు. దీనికే 12 ఏఎక్స్ 7 అని అమెరికా పేరు. ఒక్కో దశ సుమారు 50 రెట్లు పెంచుతుందనుకుందాం. మొదటి గ్రిడ్ దగ్గర పుట్టిన 1 మిల్లీవోల్టు రెండు దశలు దాటేసరికి 50 × 50 = 2500 రెట్లయి, 2.5 వోల్టులవుతుంది. అదే 1 మిల్లీవోల్టు రెండో దశలో పుడితే 50 మిల్లీవోల్టులే అవుతుంది. కాబట్టి అనుమానం ఎప్పుడూ మొదటి వాల్వు మీదికే పోవాలి.

ఇక అరుపు సంగతి. స్పీకరు కంపిస్తుంది. ఆ కంపనం చెక్క పెట్టె ద్వారా, గాలి ద్వారా వాల్వుకు చేరుతుంది. వాల్వు దాన్ని సిగ్నల్‌గా మారుస్తుంది. ఆంప్లిఫయర్ పెంచి మళ్లీ స్పీకరుకే ఇస్తుంది. ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి శబ్దం మొదటికన్నా కొంచెం పెద్దదైతే చాలు, చుట్టు చుట్టుకూ పెరిగి అరుపవుతుంది. ఇందులో అనునాదం పాత్ర కూడా ఉంది. ప్రతి వస్తువుకూ ఒక సహజ పౌనఃపున్యం ఉంటుందని మీరు ధ్వని పాఠంలో చదివారు. గ్రిడ్ తీగ సహజ పౌనఃపున్యానికి సరిపడే స్వరం వచ్చినప్పుడు అది ఎక్కువగా ఊగుతుంది. తమ్ముడు రెండు నిమిషాలు బాగానే వాయించి, ఒక స్వరం దగ్గర అరుపులో పడడానికి కారణం ఇదే.

ఈ చిక్కు పెద్ద కంపెనీలకూ తప్పలేదు. ఇంగ్లాండులో వాక్స్ కంపెనీ తొలి ఆంప్లిఫయర్లలో ఇఎఫ్ 86 అనే వాల్వు వాడేవారు. స్పీకర్లున్న పెట్టెలోనే ఉండడంతో అది అదురుకు తట్టుకోలేకపోయేది. తరువాతి నమూనాల్లో దాని బదులు ఈసీసీ 83 పెట్టారు. 1962లో వచ్చిన మార్షల్ ఆంప్లిఫయర్‌లో స్పీకర్ల పెట్టె వేరు, వాల్వుల పెట్టె వేరు. యుద్ధ విమానాల్లో రేడియోలను రబ్బరు దిమ్మెల మీద బిగించేవారు.

ముందుగా ఒక హెచ్చరిక

తమ్ముళ్లారా! వాల్వు ఆంప్లిఫయర్ లోపల 300 నుంచి 450 వోల్టుల వరకు డి.సి. ఉంటుంది. ప్లగ్గు పీకేసినా కండెన్సర్లలో ఆ విద్యుత్తు నిలిచే ఉంటుంది. అది ప్రాణం తీయగలదు. తెలిసిన మెకానిక్ పక్కన లేకుండా ఎవరూ మూత విప్పకూడదు. రెండో సంగతి, స్పీకరు తగిలించకుండా వాల్వు ఆంప్లిఫయర్‌ను ఆన్ చేయకూడదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. మూడోది, వాల్వులను వేడిగా ఉన్నప్పుడు ముట్టుకోకూడదు.

జబ్బు కనిపెట్టే పద్ధతి

మేము ప్రొద్దుటూరులో ఒక పాత రేడియో మెకానిక్ తాత దగ్గరికి పెట్టెను బస్సులో వేసుకొని పోయాము. ఆయన చూసీ చూడగానే, ‘ఏమబ్బీ, అరిసేదాన్ని, వినేదాన్ని ఒకే గదిలో కట్టేసినారే?’ అన్నాడు. తర్వాత ఒక్కొక్కటే చేసి చూపించాడు.

1. గిటారు వైరు పీకేయాలి. అరుపు ఆగిపోతే కారణం గిటారు లేదా దాని పికప్. ఆగకపోతే కారణం ఆంప్లిఫయర్‌లోనే ఉంది. మాది ఆగలేదు.

2. ఎడతెగకుండా ‘బుంయ్’మని వచ్చే మోత వేరు, ఇది వేరు. మన కరెంటు పౌనఃపున్యం 50 హెర్ట్జ్ కాబట్టి ఆ మోత 50 లేదా 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. తట్టినా తట్టకున్నా అది ఒకేలా ఉంటుంది.

3. వాల్యూం సగం పెట్టి, పెన్సిల్ రబ్బరు చివరతో ఒక్కొక్క వాల్వును మెల్లగా తట్టాలి. ‘కోడిగుడ్డును తట్టినట్టు తట్టాల, టెంకాయను కొట్టినట్టు గాదు’ అన్నాడు తాత. మొదటి వాల్వు ఏదైనా ‘టిక్’మని కొంచెం పలుకుతుంది. అది జబ్బు కాదు. గంట కొట్టినట్టు ‘టంగ్’మని మోగుతూ ఉండిపోతేనే జబ్బు. మా మొదటి వాల్వు అలాగే మోగింది.

4. ఆపి, చల్లారాక, అదే రకం వాల్వుతో స్థానం మార్చి చూడాలి. మా ఆంప్లిఫయర్‌లో ఈసీసీ 83 వాల్వులు మూడున్నాయి. మొదటిదాన్ని మూడో స్థానంలో, మూడోదాన్ని మొదటి స్థానంలో పెడితే మోత చాలా తగ్గింది.

5. వాల్వు మంచిదైనా తట్టినప్పుడు ‘కరకర’ వస్తే సాకెట్టు పిన్నులు వదులై ఉండవచ్చు, సోల్డరింగ్ ఊడి ఉండవచ్చు. కొన్ని సిరామిక్ కండెన్సర్లు కూడా అదిరితే సిగ్నల్ పుట్టిస్తాయి.

6. చివరగా, ఆపివేసి, స్పీకరును పెట్టెలో నుంచి తీసి పొడవు వైరుతో ఆరడుగుల దూరంలో పెట్టి మళ్లీ ఆన్ చేశాడు. అదే వాల్యూంలో అరుపు లేదు! తప్పు ఎక్కడుందో ఇక ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

తగ్గించే మార్గాలు

మొదటి స్థానంలో ఎక్కువ మోగని వాల్వునే పెట్టాలి. ఎన్ని రబ్బర్లు వేసినా చెడ్డ వాల్వు మంచిది కాదు. సాకెట్టు పిన్నులు శుభ్రం చేసి బిగువుగా ఉండేలా చూడాలి. వాల్వు మీద లోహపు తొడుగు, దానిలో స్ప్రింగు ఉంటే అవి కదలకుండా ఉండాలి. గాజు చుట్టూ వేడికి తట్టుకొనే సిలికాన్ రింగు వేస్తే కంపనం త్వరగా అణగిపోతుంది. మాలో ఒకడు తొందరపడి, పెద్ద పవర్ వాల్వుకు మామూలు రబ్బరు బ్యాండు వేశాడు. అది కరిగి గాజుకు అతుక్కొని గదంతా కంపు కొట్టింది. పవర్ వాల్వుల గాజు 200 డిగ్రీల సెల్సియస్ దాటవచ్చునని అప్పుడు గాని మాకు తెలియలేదు.

స్పీకరు మరలు, పెట్టె మూలలు, వెనుక చెక్క వదులుగా ఉంటే అవి కూడా గిలకొడతాయి. ఒక్కొక్కటే చేత్తో అదిమిపట్టి చూస్తే ఏది గిలకొడుతున్నదో తెలిసిపోతుంది. షాసీని చెక్కకు నేరుగా బిగించకుండా మధ్యలో రబ్బరు బుష్‌లు వేయాలి. అప్పుడు వైర్లు బిర్రుగా లాగి ఉంచకూడదు. బిర్రు వైరు గుండా కంపనం దాటిపోతుంది. ఎర్త్ వైరు మాత్రం తప్పక షాసీకి కలిసి ఉండాలి. అన్నిటికన్నా మేలైనది స్పీకరును, ఆంప్లిఫయర్‌ను వేరు పెట్టెల్లో ఉంచడం.

చిన్న లెక్క

రబ్బరు ఎంత మెత్తగా ఉండాలి? ఆంప్లిఫయర్ బరువుకు రబ్బరు ఎన్ని సెంటీమీటర్లు దిగిందో కొలిచి, ఆ సంఖ్య వర్గమూలంతో 5ను భాగిస్తే సహజ పౌనఃపున్యం సుమారుగా హెర్ట్జ్‌లలో వస్తుంది. 1 మిల్లీమీటరు, అంటే 0.1 సెంటీమీటరు దిగితే సుమారు 16 హెర్ట్జ్. గిటారు అన్నిటికన్నా లావు తీగ 82 హెర్ట్జ్. 82ను 16తో భాగిస్తే సుమారు 5. దాని వర్గం 25, అందులో 1 తీసేస్తే 24. అంటే కింది నుంచి వచ్చే కంపనంలో 24వ వంతు మాత్రమే పైకి దాటుతుంది. రబ్బరు అచ్చం స్ప్రింగు లాంటిది కాదు కాబట్టి నిజంగా వచ్చే లాభం ఇంతకన్నా కొంత తక్కువ. ఇంకొక మాట. ఈ భాగఫలం 1.4 కన్నా తక్కువైతే రబ్బరు వల్ల కంపనం తగ్గకపోగా పెరుగుతుంది. అందుకే ఏదో ఒక గుడ్డ మడిచి కింద పెడితే సరిపోదు. గాలి ద్వారా వచ్చే శబ్దాన్ని ఈ రబ్బరు ఆపదు. దానికి దూరమే మందు.

మేము నేర్చుకున్నది

మేము పెట్టెను రంపంతో రెండుగా కోశాము. వాల్వులు మార్చాము, బుష్‌లు వేశాము. ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి సాయంత్రం తమ్ముడిని పిలిచి, అందరి ముందూ ‘ఆ రోజు తప్పు నీది కాదు, మాది’ అని చెప్పాము. వాడు ఏమీ మాట్లాడలేదు. గిటారు తీసుకొని కూర్చొని పాట మొత్తం వాయించాడు. ఒక్కసారి కూడా అరుపు రాలేదు.

ఆ రోజు స్టేజీ మీద గిటారు వైరు ఒక్కసారి పీకి చూసి ఉంటే నిజం తెలిసిపోయేది. దానికి పట్టేది ఒక్క క్షణం. మేము ఆ క్షణం ఆగలేదు. మన హాస్టల్ పిల్లలను ‘వీళ్లకు రాదులే’ అనడానికి బయట చాలామంది ఉన్నారు. మనలో మనం ఆ మాట అనుకోకూడదు. ఏదైనా చెడిపోతే ముందు వైరు పీకి చూడండి, తర్వాత వేలు చూపండి.

మీరు ఆలోచించి జవాబు రాయండి

1. మొదటి వాల్వు కంపనం మూడో వాల్వు కంపనం కన్నా ఎక్కువ ఇబ్బంది ఎందుకు పెడుతుంది?

2. రబ్బరు 4 మిల్లీమీటర్లు దిగితే సహజ పౌనఃపున్యం ఎంత?

3. మైకును స్పీకరు ముందుకు తెస్తే వచ్చే కూతకు, వాల్వు అరుపుకు పోలిక ఏమిటి, తేడా ఏమిటి?